లేజర్ చేసిన కన్ను, పదేళ్ల తర్వాత

కంటి ఆసుపత్రిలో పేరు రాయించుకోగానే చేతికిచ్చే కాగితంలో ఒక గడి ఉంటుంది: ‘ఇంతకుముందు కంటికి ఏదైనా ఆపరేషన్ జరిగిందా?’ హనుమకొండలో మా మేనకోడలు ఆ గడిలో ‘లేదు’ అని రాస్తుంటే పక్కన కూర్చున్న నేను చూశాను. ‘పెళ్లికి ముందు లేజర్ చేయించుకున్నావు కదమ్మా’ అన్నాను. ‘అది ఆపరేషన్ ఎలా అవుతుంది మామయ్యా? కుట్టు లేదు, కట్టు లేదు. పది నిమిషాల్లో లేచి వచ్చేశాను’ అంది.

కుట్టూ కట్టూ లేని మాట నిజమే. ఆమె బాధంతా ఎడమ కంటితో. రెండేళ్లలో మూడుసార్లు అద్దాలు మార్పించుకుంది. అద్దాల షాపులో యంత్రానికి గడ్డం ఆనించి కూర్చోవడం, కొత్త నంబరు రావడం, నాలుగు నెలలు పరవాలేదనిపించడం, ఆ తర్వాత మళ్లీ మసక. రాత్రిపూట కాజీపేట వంతెన మీద ఎదురొచ్చే లారీ దీపానికి కిందివైపు తోక మొలిచినట్టు కనిపిస్తోందని చెప్పేది. షాపువాళ్లు ప్రతిసారీ ‘సైట్ మళ్లీ పెరుగుతోంది’ అన్నారు. లేజర్ సంగతి ఈమె చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

ఆ ‘లేదు’ అన్న మాటను కాస్త విప్పి చూడాలి. లేజర్ చేయించుకున్నవాళ్లలో అత్యధికులు హాయిగా ఉంటారు. అద్దాలు తీసేసిన సంతోషం వాళ్లకు ఏళ్ల తరబడి ఉంటుంది, ఆ సంతోషం మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ ఆ రోజుతో కథ ముగిసిందని అనుకోవడంలోనే తిరకాసు ఉంది. లేజర్ కంటి నంబరును తీసేస్తుంది, కంటిని పాత కంటిగా మార్చదు. ఆ తేడా కొందరికి ఐదేళ్లకో పదేళ్లకో తెలిసివస్తుంది.

లేజర్ అసలు చేసే పని చెక్కడం. 1981లో అమెరికాలోని ఐబీఎం ప్రయోగశాలలో మద్రాసు విశ్వవిద్యాలయంలో చదువుకున్న రంగస్వామి శ్రీనివాసన్, ఆయన సహచరులు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ కలిసి ఎక్సైమర్ లేజర్‌ను జీవకణజాలం మీద ప్రయోగించి చూశారు. వాళ్లు వాడిన కణజాలం పండుగ విందులో మిగిలిన టర్కీ కోడిది. 193 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం అంచులు మాడకుండా, చుట్టుపక్కల కందకుండా, గీత గీసినట్టు పదార్థాన్ని ఎగరగొట్టింది. ఒక్కో తాకిడికి పోయేది మైక్రానులో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులో, నాలుగో వంతు. ఉలి ఎంత సన్ననిదైనా ఉలే. మైనస్ నంబరున్న కంట్లో వెలుగు వెనక తెర అయిన రెటీనా దాకా రాకముందే ఒకచోట కూడుతుంది. కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా. దాని నడుమ భాగాన్ని చదును చేస్తే ఆ చోటు వెనక్కి జరిగి రెటీనా మీద పడుతుంది. చదును చేయడానికి తీసేసిన భాగం మళ్లీ పుట్టదు. పైనున్న పలుచటి తోలు లాంటి పొర మాత్రమే నాలుగైదు రోజుల్లో తిరిగి వస్తుంది.

తీసేయడానికి అక్కడ ఉన్నదే అంతంతమాత్రం. నల్లగుడ్డు ముందు గడియారానికి అద్దంలా ఉండే కార్నియా మందం నడిమధ్యలో దాదాపు అర మిల్లీమీటరు, అంటే 540 మైక్రాన్లకు అటూ ఇటూ. అందులో తొంభై శాతం స్ట్రోమా అనే కొల్లాజెన్ భాగం. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసే జంపఖానాను దగ్గరగా చూసినవారికి దీన్ని చెప్పడం తేలిక. అక్కడ పడుగూ పేకా ఒకదాన్నొకటి పట్టి ఉంచినట్టు, స్ట్రోమాలో రెండు వందలకు పైగా పొరలు అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటాయి. అయితే అల్లిక అంతటా ఒకేలా ఉండదు. ముందువైపు పొరలు ఒకదానిలోంచి ఒకటి దూరి బిగువుగా ఉంటాయి. వెనక్కి వెళ్లేకొద్దీ ఒకదానిమీద ఒకటి పరిచిన దుప్పట్లలా వదులవుతాయి. కార్నియా బలమంతా ముందరి నలభై శాతంలోనే ఉందని చెప్పినా పెద్ద తప్పు కాదు. లేజర్ పని జరిగేదీ సరిగ్గా అక్కడే.

ఆ పనికి మూడు దారులున్నాయి. పీఆర్‌కేలో పై తోలు గీకేసి నేరుగా స్ట్రోమా మీద లేజర్ కొడతారు. లాసిక్‌లో ముందుగా వంద నూట ఇరవై మైక్రాన్ల మందంతో ఒక పల్చటి మూతను కోసి, ఒక పక్క మడతబందులా అంటి ఉండనిచ్చి, పుస్తకం అట్టలా పక్కకు తెరిచి, లోపల చెక్కి, మళ్లీ మూసేస్తారు. ఆ మూతనే ఫ్లాప్ అంటారు. స్మైల్‌లో మూత ఉండదు. లోపలే చిన్న బిళ్లలా ఒక ముక్కను వేరుచేసి రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల చీలికలోంచి లాగేస్తారు. మన దగ్గర చాలామంది మూడింటినీ కలిపి ‘లేజర్’ అనేస్తారు. ఏది చేయించుకున్నారని అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది తెల్లమొహం వేస్తారు. పదేళ్ల తర్వాత వచ్చే చిక్కు ఏ రకమో చాలావరకు ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, తెలియకపోవడం చిన్న విషయం కాదు.

మా అక్కయ్య బీరువాలో, పెళ్లి చీరల బిల్లుల కింద, ఆ పాత ఫైలు దొరికింది. 2013 నాటిది. ఎడమ కంటి కార్నియా మందం 520, నంబరు మైనస్ ఆరున్నర, లాసిక్, ఫ్లాప్ 120. నేను అదే ఫైలు వెనక అట్ట మీద లెక్క వేశాను. ఆరున్నర మిల్లీమీటర్ల వెడల్పులో చెక్కేటప్పుడు ఒక్కో నంబరుకు సుమారు 14 మైక్రాన్లు పోతాయి. ఆరున్నరకు 91. 520లోంచి మూతకు 120, చెక్కడానికి 91 తీసేస్తే అడుగున మిగిలింది 309. అడుగున కనీసం 250 మైక్రాన్లు మిగలాలన్నది చాలాకాలంగా వైద్యులు పాటిస్తున్న హద్దు. చాలామంది సర్జన్లు 300 దాకా ఉండాలంటారు. ఆ లెక్కన ఆమె కన్ను రెండు పరీక్షలూ దాటింది.

ఇదే లెక్కను తిరగేసి చూస్తే వేరే బొమ్మ కనిపిస్తుంది. కదిలించిన భాగం 211, మొత్తం 520. అంటే నలభై శాతానికి కాస్త పైన. మొత్తం మందంలో నలభై శాతం, అంతకుమించి కదిలిస్తే ప్రమాదం పెరుగుతుందని 2014లో వచ్చిన పరిశోధన చెప్పింది. ఆమెకు లేజర్ చేసిన ఏడాదికి ఆ మాట బయటికి వచ్చిందన్నమాట. ఇంకో మెలిక కూడా ఉంది. అప్పట్లో బ్లేడుతో కోసిన ఫ్లాపులు అనుకున్న మందంలోనే వస్తాయన్న భరోసా లేదు. 120 అనుకున్నది 150 వచ్చి ఉంటే అడుగున మిగిలింది 279, కదిలించింది 46 శాతం. ఫైలులో రాసింది అనుకున్న మందం. కోసిన తర్వాత కొలిచిన మందం అందులో లేదు. మూసేసిన ఫ్లాపు మళ్లీ బరువు మోయదన్న సంగతిని కూడా ఈ లెక్కకు కలుపుకోవాలి. అది అతుక్కున్నట్టు కనిపిస్తుంది, వెలుగును చక్కగా పోనిస్తుంది, కానీ జంపఖానాలో తెగిన పడుగు పోగులు మళ్లీ ముడిపడనట్టే లోపలి పోగులు కలవవు. భారమంతా అడుగున మిగిలిన వదులు పొరల మీద పడుతుంది.

లోపలి నుంచి ఒత్తిడి ఆగదు. కంటి లోపలి పీడనం మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. పగలూ రాత్రీ అది కార్నియాను బయటికి నెడుతూనే ఉంటుంది. చెరువు కట్ట ఎక్కడ పలచబడిందో నీళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అలా కార్నియా నెమ్మదిగా, సాధారణంగా మధ్యకు కాస్త కిందుగా, ముందుకు ఉబ్బడాన్ని ఎక్టేసియా అంటారు. లాసిక్ తర్వాత ఇలా జరగవచ్చని 1998లో థియో సైలర్ మొదట నివేదించారు. ఎంతమందికి వస్తుందన్న అంచనాలు 0.04 శాతం నుంచి 0.6 శాతం దాకా ఉన్నాయి, అంటే పదివేల కళ్లలో నాలుగు నుంచి అరవై. అంకె చిన్నదే. కానీ ఇది కొన్ని నెలలకూ రావచ్చు, చాలా ఏళ్లకూ రావచ్చు. చేసిన చోట ‘అంతా బాగుంది’ అని చివరి చీటీ రాసిచ్చిన తర్వాత ఎప్పుడో వస్తుంది కాబట్టి, దాన్ని పట్టుకోవలసిన బాధ్యత అద్దాల షాపులో కూర్చున్న మనిషి మీద పడుతుంది. అతడికి అసలు సంగతే తెలియదు.

అందుకే ‘సైట్ మళ్లీ వచ్చింది’ అన్న మాట దగ్గర ఆగాలి. ఆ ఒక్క మాట వెనక నాలుగైదు వేర్వేరు సంగతులు దాగి ఉంటాయి. నలభై దాటాక దగ్గరి అక్షరాలు మసకబారితే అది చత్వారం. లేజర్ చేయించుకున్నా, చేయించుకోకపోయినా అందరికీ వస్తుంది, లేజర్‌కు దానితో సంబంధం లేదు. చెక్కిన చోట పై పొర కాస్త మందమెక్కి అర, ముప్పావు నంబరు తిరిగి రావడం ఒకటి. పాతికేళ్లలోపు చేయించుకున్నవారిలో కనుగుడ్డే ఇంకా పొడవు పెరగడం మరొకటి. యాభై దాటాక శుక్లం మొదలై మైనస్ పెరగడం ఇంకొకటి. వీటిలో నిలువు, అడ్డం చూపు చాలావరకు ఒకేలా మారుతుంది, సరైన అద్దం పెడితే చివరి వరుస దాకా చదవగలుగుతారు. శుక్లం ముదిరితే మాత్రం అద్దంతోనూ మసక పోదు, కానీ దీపపు వెలుగుతో కంటి లోపలి కటకాన్ని చూస్తేనే ఆ సంగతి తెలిసిపోతుంది.

ఎక్టేసియా తీరు వేరు. నంబరు కంటే సిలిండర్, అంటే చీటీలో ఒక దిశకే పనిచేసే నంబరు, పెరుగుతుంది. దాని యాక్సిస్, అంటే ఆ దిశను చూపే కోణం, ఒక చీటీకీ ఇంకో చీటీకీ పొంతన లేకుండా తిరుగుతుంది. ఎంత మంచి అద్దం పెట్టినా చివరి రెండు వరుసలు తేలవు. అక్షరానికి నీడలా రెండో అక్షరం కనిపిస్తుంది. తరచుగా ఒక కన్ను ముందు పోతుంది, రెండోది వెనక వస్తుంది. మా మేనకోడలి మూడు అద్దాల చీటీలను టేబుల్ మీద పక్కపక్కన పెట్టాను. సిలిండర్ ముప్పావు, ఒకటిన్నర, రెండున్నర. చీటీల మధ్య ఏడాదికి తక్కువే. ఒక్కో చీటీ విడిగా చూస్తే ఏమీ అనిపించదు. మూడూ పక్కన పెడితే కథ చెప్పేశాయి. ఆ రోజు హనుమకొండలో చూపు పరీక్షించే ఆప్టోమెట్రిస్ట్ చేసిన పని చాలా చిన్నది. నడుమ సన్నటి బెజ్జం ఉన్న నల్లటి పలకను ఎడమ కంటికి అడ్డం పెట్టి చదవమంది. అద్దంతో తేలని వరుసలు ఆ బెజ్జంలోంచి తేలాయి. రెటీనా బాగానే ఉంది, ముందున్న కార్నియా వంకరపోయిందని దానికి అర్థం. తర్వాత చేతి దీపంతో కంటిలోకి వెలుగు గీత పంపి చూసింది. తిరిగి వచ్చే ఎర్రటి మెరుపు ఒక పక్కకు జరగకుండా కత్తెర రెండు రెక్కల్లా విడిపోయి కలుసుకుంటోందట. ఆ తర్వాతే ‘మీకు ఎప్పుడైనా లేజర్ చేశారా?’ అని అడిగింది. కాగితంలో ‘లేదు’ అని రాసి ఉన్నా అడిగిందంటే ఆమె మంచి పనిమంతురాలు.

నిర్ధారణకు కార్నియా మ్యాపు తీస్తారు. పాత టోపోగ్రఫీ యంత్రాలు కంటి మీద వలయాలు పడేసి ముందు ఉపరితలాన్ని మాత్రమే కొలిచేవి. ఇప్పటి పెంటాకామ్ వంటివి వెనక ఉపరితలాన్నీ, అంగుళం అంగుళానికీ అన్నట్టుగా మందాన్నీ చూపిస్తాయి. ఉబ్బు చాలాసార్లు వెనకవైపే మొదలవుతుంది. ముందువైపు పై తోలు ఉబ్బిన చోట పలచబడి, పల్లంలో మందమెక్కి, మట్టి పూసి గోడ పగులు కప్పినట్టు కొంతకాలం దాచిపెడుతుంది.

ఆమెకే ఎందుకొచ్చింది? ఇంట్లో అందరూ అడిగింది ఇదే. ఆపరేషన్‌కు ముందే కార్నియా బలహీనంగా ఉండి, అప్పటికి లక్షణాలు లేకపోవడం అన్నిటికంటే పెద్ద కారణం. కార్నియా దానంతటదే పలచబడి ముందుకు ఉబ్బే కెరటోకోనస్ అనే జబ్బు బీజరూపంలో ఉన్న కన్నును లేజర్‌తో తాకకూడదు. నాగపూర్ ప్రాంత గ్రామాల్లో ముప్పై దాటినవారిపై చేసిన సర్వేలో కెరటోకోనస్ 2.3 శాతం అని తేలింది. మన ఆదిలాబాద్ సరిహద్దుకు అదేమంత దూరం కాదు. ఆ సర్వేలో పూర్తి మ్యాపులు తీయలేదు, వంపు ఒక హద్దు దాటితే లెక్కలో వేశారు, కాబట్టి అంకె కొంత ఉబ్బి ఉండవచ్చని నా అనుమానం. అయినా ఈ జబ్బు మన దగ్గర అరుదు కాదనడానికి అది చాలు. చిన్న వయసులో చేయించుకోవడం, పల్చటి కార్నియా, ఎక్కువ నంబరు మిగతా కారణాలు. గర్భధారణ తర్వాత బయటపడిన కేసులూ ఉన్నాయి. ఇక కళ్లు నలపడం. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మిర్చి సీజనులో ఏనుమాముల మార్కెట్ పక్కనుంచి వెళ్లిన వాళ్లకు, పత్తి జిన్నింగు మిల్లు దగ్గర ఉండేవాళ్లకు, కరీంనగర్ గ్రానైటు దుమ్ములో పనిచేసేవాళ్లకు కళ్లు దురద పెట్టడం రోజువారీ సంగతి. వేళ్ల కణుపులతో గట్టిగా నలిపిన ప్రతిసారీ కంటి లోపలి పీడనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది, కార్నియా వంగి లేస్తుంది. మా మేనకోడలికి చిన్నప్పటి నుంచీ ఎలర్జీ. నలుపుకోవద్దని వాళ్లమ్మ అరవని రోజు లేదు.

ఎక్టేసియాకు చేసే చికిత్సను ఆసుపత్రుల్లో సీ3ఆర్ అంటారు. రైబోఫ్లేవిన్, అంటే బీ2 విటమిన్ చుక్కలు కార్నియాలో ఇంకేదాకా వేసి, 365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని దాని మీద పడనిస్తారు. మొదట రూపొందిన పద్ధతిలో చుక్కలకు అరగంట, కాంతికి అరగంట. కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి కార్నియా గట్టిపడుతుంది. పోయిన ఆకారాన్ని అది తిరిగి తెచ్చిపెట్టదు. ఎక్కువమందిలో ఉబ్బు అక్కడితో ఆగుతుంది, అదే దాని ప్రయోజనం. లాసిక్ తర్వాత వచ్చిన ఎక్టేసియాలో ఫలితం కెరటోకోనస్‌లో కంటే కొంచెం తక్కువగా ఉంటుందని వైద్యులు చెబుతారు. పై తోలు తీసిన పద్ధతిలో మందం 400 మైక్రాన్లకు తగ్గకూడదు కాబట్టి ఆలస్యం చేస్తే ఈ అవకాశమే చేజారుతుంది. ఆమెకు హైదరాబాద్‌లో చేశారు. మొదటి మూడు రోజులు చీకటి గదిలో కన్నీళ్లు కారుతూ కూర్చుంది. ఈసారి దాన్ని ఆపరేషన్ కాదని అనలేదు. చూపు కోసం తర్వాత స్క్లీరల్ లెన్సు ఇచ్చారు. పావలా కంటే చిన్న గిన్నెలా ఉండే గట్టి లెన్సు అది. తెల్లగుడ్డు మీద ఆని, కార్నియాకు తగలకుండా మధ్యలో సెలైన్ నీరు పట్టి ఉంచుతుంది. ఆ నీటి పొరే వంకరలను పూడ్చి నున్నటి ఉపరితలాన్ని ఇస్తుంది. ఇవేవీ పనిచేయని కొద్దిమందికి కార్నియా మార్పిడి దాకా వెళ్లాల్సి వస్తుంది.

ఎక్టేసియా ఒక్కటే అయితే కథ తేలిగ్గా ఉండేది. లాసిక్ ఫ్లాపుకు దాని సొంత చరిత్ర ఉంది. అంచుల వెంట సన్నటి మచ్చలా అతుకుతుంది గానీ, లోపలి భాగం అతుకు ఎన్నేళ్లయినా పుట్టు బలంలో కొద్ది శాతమే. చేసి పదేళ్లు దాటినవారిలో కూడా దెబ్బ తగిలి ఫ్లాపు జరిగిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. చంటిపిల్లల గోరు, కారులోని ఎయిర్‌బ్యాగు, చెట్టు కొమ్మ ఇవన్నీ కారణాలే. బతుకమ్మ రోజుల్లో తంగేడు పువ్వు కోసం పొదల్లో దూరినప్పుడు కొమ్మ వచ్చి కంటికి కొట్టడం మన దగ్గర వింతేమీ కాదు. మామూలు కన్నయితే గీరుకుపోయిందని రెండు రోజులు చుక్కలు వేసుకుంటారు. లాసిక్ కన్నయితే ఆ రోజే వెళ్లాలి. ఫ్లాపు ముడత పడితే త్వరగా తెరిచి కడిగి సరిచేస్తే కుదురుతుంది. నాలుగు రోజులు గడిస్తే ముడత స్థిరపడుతుంది, పై తోలు కణాలు అంచు సందులోంచి లోపలికి పాకి ఫ్లాపు కింద తెల్లటి దీవుల్లా పెరుగుతాయి. మళ్లీ నంబరు వచ్చిందని ఏళ్ల తర్వాత పాత ఫ్లాపును లేపి తిరిగి లేజర్ చేసినప్పుడు ఈ పాకుడు మరీ ఎక్కువ.

ఆ సందు ఇంకో ఉపద్రవానికి కూడా చోటిస్తుంది. దీన్ని నేను కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇది మన మందుల షాపుల దగ్గర మొదలవుతుంది. కన్ను ఎర్రబడిందని చెప్పగానే చేతికొచ్చే చుక్కల మందులో చాలాసార్లు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ఒకట్రెండు రోజుల్లో ఎరుపు పోతుంది కాబట్టి జనం దాన్నే మళ్లీ మళ్లీ కొంటారు. స్టెరాయిడ్ కొందరిలో కంటి పీడనాన్ని పెంచుతుంది. లాసిక్ కంట్లో అలా పెరిగిన పీడనం నీటిని కార్నియాలోకి నెట్టి ఫ్లాపు కింది సందులో పల్చటి పొరలా నింపుతుంది. చూపు మసకవుతుంది. దీపం కింద చూసినవారికి అది వాపులా కనిపిస్తుంది, వాపు తగ్గాలని ఇంకా స్టెరాయిడ్ రాస్తారు. అనుమానం వచ్చి పీడనం కొలిస్తే యంత్రం మొన ఆ నీటి పరుపు మీద ఆనుతుంది, అంకె తక్కువ చూపిస్తుంది. ‘పీడనం బాగుంది’ అనుకుంటారు. లోపల దృష్టినాడి మాత్రం నలిగిపోతూ ఉంటుంది. ఇందులో ఎవరూ కావాలని తప్పు చేయలేదు, ఒక్క సంగతి తెలియకపోవడం వల్ల ప్రతి మెట్టూ తప్పుగా పడింది. ఆ సంగతి, ‘నాకు లాసిక్ అయింది’ అన్న మూడు ముక్కలు. ఫ్లాపు అంచుకు బయట కొలవడం, వేరే తరహా పరికరంతో కొలవడం వైద్యులకు తెలుసు. అడగాలని తెలియాలంతే. నీరు చేరకపోయినా సరే, చెక్కి పలుచనైన కార్నియా మీద పీడనం అసలు కంటే తక్కువే చూపిస్తుంది. మైనస్ నంబరు ఎక్కువ ఉన్నవారికి దృష్టినాడి దెబ్బతినే గ్లకోమా ప్రమాదం మామూలుకంటే ఎక్కువ కాబట్టి ఆ తేడా తేలిగ్గా తీసుకునేది కాదు.

వరి గింజ, పొట్టు, పత్తి కట్టె గీరుకుని వచ్చే బూజు తెగులు పుండుకు కూడా ఇదే స్టెరాయిడ్ ఎరువు. అది లేజర్ లేని కళ్లకూ వర్తిస్తుంది.

కళ్లు పొడిబారడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, చేయించుకున్న ప్రతివాళ్లకూ తెలుసు. కాకపోతే కారణం చాలామందికి తెలియదు. శరీరంలో నాడులు అత్యంత దట్టంగా ఉండే చోటు కార్నియా. ఫ్లాపు కోసినప్పుడు ఆ నాడులు తెగుతాయి, ‘కన్ను ఆరుతోంది, నీరు పంపు’ అన్న కబురు మెదడుకు సరిగా అందదు. ఆరు నెలల నుంచి ఏడాదిలో చాలామంది కుదుటపడతారు, నాడులు పూర్వపు సాంద్రతకు చేరడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. కొద్దిమందిలో అవి తప్పుగా మొలిచి, చూస్తే ఏమీ కనిపించకపోయినా సూదులు గుచ్చినట్టు నొప్పి పెడతాయి. ఆ నొప్పిని ‘మనోవ్యాధి’ అని కొట్టిపారేయడం అన్యాయం.

పీఆర్‌కే చేయించుకున్నవారికి ఫ్లాపు బాధ లేదు, దాని బదులు హేజ్ ఉంది. చెక్కిన చోట నెలల తర్వాత పొగమంచులాంటి తెల్లటి మచ్చ. నంబరు ఎక్కువైనా, ఎండ ఎక్కువ తగిలినా దీని అవకాశం పెరుగుతుంది. మైటోమైసిన్ అనే మందు వాడడం మొదలయ్యాక ఇది బాగా తగ్గింది. స్మైల్‌లో ఫ్లాపు లేదు కాబట్టి బలం పోదన్న మాట వినిపిస్తూ ఉంటుంది. కొంత నిజమే, కానీ స్మైల్ తర్వాత కూడా ఎక్టేసియా కేసులు నమోదయ్యాయి.

అన్నిటికంటే ఆలస్యంగా వచ్చే చిక్కు చూపును తీసేసేది కాదు, లెక్కను తప్పించేది. 2000 ప్రాంతంలో లాసిక్ చేయించుకున్న ముప్పై ఏళ్ల మనిషికి ఇప్పుడు యాభై దాటింది. శుక్లం ఆపరేషన్‌కు వస్తాడు. లోపల పెట్టే కటకం ఎంత పవర్ ఉండాలో తేల్చడానికి కార్నియా వంపును కొలుస్తారు. కొలిచే యంత్రం ముందు ఉపరితలాన్నే చూసి, ముందుకూ వెనకకూ పుట్టుకతో ఉండే నిష్పత్తి అలాగే ఉందనుకుని మొత్తం పవర్‌ను ఊహిస్తుంది. లేజర్ ముందును మాత్రమే చదును చేసింది, వెనకను ముట్టలేదు. నిష్పత్తి చెడింది. యంత్రం కార్నియాకు లేని పవర్‌ను అంటగడుతుంది, దానికి తగ్గట్టు పెట్టిన కటకం చాలకుండా పోతుంది, కట్టు విప్పేసరికి మనిషి ప్లస్ నంబరుతో లేస్తాడు. మైనస్‌తో పుట్టి, లేజర్‌తో సున్నాకు వచ్చి, చివరికి ప్లస్‌లో తేలడమన్నమాట. కొత్త సూత్రాలు ఈ తప్పును చాలావరకు సరిదిద్దుతాయి, కానీ లేజర్ అయిందని చెబితేనే ఆ సూత్రం వాడతారు. ఆపరేషన్‌కు ముందరి వంపు కొలతలు, నంబరు, చెక్కిన లోతు ఉన్న ఆ పాత కాగితం ఉంటే లెక్క ఇంకా గట్టిగా నిలుస్తుంది. ఆసుపత్రి ఇరవై ఏళ్లు దాస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. వేడితో అచ్చు పడే థర్మల్ కాగితం మీది మ్యాపుల రంగు ఐదేళ్లకే వెలిసిపోతుంది కూడా, ఫొటో తీసి పెట్టుకోవాలి.

కాజీపేట కుర్రాళ్ల కోసం ఒక పక్కమాట. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి లాసిక్ చేయించుకున్నవారు అనర్హులని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. అద్దాలుంటే ఉద్యోగం రాదని లేజర్ చేయించుకుని, లేజర్ వల్ల ఉద్యోగం పోగొట్టుకోవడం కంటే దరిద్రం ఉండదు.

2018లో మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో ఊరూరా చూపు పరీక్షించి అద్దాలిచ్చారు. మంచి పని. అయితే అటువంటి శిబిరాల్లో కార్నియా మ్యాపు తీయరు, తీయడం సాధ్యమూ కాదు. వరంగల్‌లో ప్రాంతీయ నేత్ర వైద్యశాల ఉంది, కాకతీయ మెడికల్ కాలేజీ విద్యార్థులు అక్కడే నేర్చుకుంటారు. సిలిండర్ పెరుగుతోందని అనుమానం వస్తే షాపులో నాలుగో అద్దం చేయించుకునే ముందు అలాంటి చోటికి వెళ్లి, అడగకముందే ‘లేజర్ అయింది, ఫలానా సంవత్సరం, ఫలానా రకం’ అని చెప్పాలి.

పాత ఫైలులో మ్యాపు పేజీలు వెలిసిపోయినా రంగులు ఆనవాలుగా మిగిలాయి. హైదరాబాద్‌లో డాక్టరు గారు దాన్ని కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూశారు. ఎడమ కంట్లో కింది భాగం పై భాగం కంటే కొంచెం ముదురు పసుపు, అంటే అక్కడ వంపు కాస్త ఎక్కువ. ‘ఇది అప్పుడు చూస్తే ఎవరూ ఆపి ఉండరు. ఇప్పుడు చూస్తే ఆపుతారు’ అన్నారు. మా అక్కయ్య ఆ మాటను తప్పెవరిదో తేల్చే తీర్పులా పట్టుకుని ఇంకా కోపంగానే ఉంది. మేనకోడలికి ఆ ఓపిక లేదు, ఆమె ధ్యాసంతా ఇప్పుడు కుడి కంటి మీద. ఆరు నెలలకోసారి మ్యాపు తీస్తున్నారు. జూన్‌లో తీసినదానికీ డిసెంబరులో తీసినదానికీ తేడా మూడు మైక్రాన్లు. యంత్రం పొరపాటు కూడా అంతే ఉంటుందట.